‘అలైగళ్ ఓయ్వదిల్లై’లో ఊరు ఎందుకంత మొండికేసింది?

మీరు అడిగినవి మూడు. ‘సీతాకోకచిలక’ చూసి ఎంతో ఇష్టపడ్డాక దాని తమిళ మాతృక ‘అలైగళ్ ఓయ్వదిల్లై’ని ప్రత్యేకంగా చూడాల్సిన పని ఉందా అన్నది ఒకటి. బ్రాహ్మణ అబ్బాయి, క్రైస్తవ అమ్మాయి ప్రేమించుకుంటే ఊరు ఊరంతా అలా మీదపడటం అతిగా లేదా అన్నది రెండోది. చివర్లో అబ్బాయి జంధ్యాన్ని, అమ్మాయి మెడలోని శిలువను వదిలేసి ఊరు దాటి వెళ్లిపోతారు కదా, ఆ తర్వాత వాళ్లెలా బతుకుతారు, ఆ ముగింపును నమ్మేదెలా అన్నది మూడోది. తమిళ గ్రామీణ చిత్రాలను చాలా ఏళ్లుగా చూస్తూ, ఫిల్మ్ సొసైటీల్లో వాటి గురించి మాట్లాడుతూ వచ్చినవాణ్ణి. కొంతకాలం నాగర్‌కోయిల్‌లో ఉండటం వల్ల ఆ తీరం కూడా తెలుసు. రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. అది తేలితే మిగతా రెండూ వాటంతటవే తేలతాయి.

దర్శకుడు భారతీరాజా ఈ సినిమాను కన్యాకుమారి జిల్లాలోని ముట్టంలో తీశారు. నాగర్‌కోయిల్ నుంచి బస్సెక్కితే గంటలోపే చేరుకోవచ్చు. సముద్రంలోకి చొచ్చుకుపోయిన పెద్ద పెద్ద బండలు, గట్టు మీద లైట్‌హౌస్, ఒడ్డున వరుసగా కట్టుమరాలు, అన్నిటికంటే ఎత్తుగా కనిపించే చర్చి. సినిమాలో కనిపించే ఆ రాళ్ల మీద నిలబడితే ఒక సంగతి వెంటనే అర్థమవుతుంది. అక్కడ ఎవరి చాటుకూ చోటు లేదు. పడవ మీద ఉన్నవాడికీ, గట్టు మీద వలలు బాగుచేసుకుంటున్నవాడికీ, చర్చి మెట్ల మీద కూర్చున్నవాడికీ ఒడ్డున నడుస్తున్న ఇద్దరు మనుషులు స్పష్టంగా కనిపిస్తారు. మన సినిమాల్లో ప్రేమికులు సముద్రపు ఒడ్డుకు వెళ్లేది ఏకాంతం కోసం. ఈ సినిమాలో ఊరి కళ్లన్నీ ఉన్నది అక్కడే.

ఇక ఆ జిల్లా సంగతి. 1956 నవంబరు దాకా అది తిరువాన్కూరు (ట్రావన్‌కోర్) వైపు, అంటే నేటి కేరళ వైపు ఉండేది. రాష్ట్రాల పునర్విభజనతో తమిళనాట కలిసింది. క్రైస్తవ మతప్రచారకుడు ఫ్రాన్సిస్ జేవియర్ ఆ తీరంలో బెస్త కుటుంబాలకు బాప్తిస్మం ఇచ్చింది 1544లో. అంటే అక్కడి మత్స్యకారుల క్రైస్తవం నాలుగున్నర శతాబ్దాలకు పైబడినది. 2011 జనాభా లెక్కల ప్రకారం జిల్లాలో హిందువులు సుమారు 49 శాతం, క్రైస్తవులు సుమారు 47 శాతం. తమిళనాడులో మరెక్కడా ఈ రెండు మతాల వాళ్లు ఇంత సరిసమానంగా లేరు. ఒక మతంవాళ్లు గుప్పెడు మంది ఉన్న ఊళ్లో మతాంతర ప్రేమ ఒక కుటుంబం తలనొప్పిగా మిగిలిపోవచ్చు. ఇద్దరూ సమ ఉజ్జీలుగా ఉన్నచోట అది లెక్కల వ్యవహారం అయిపోతుంది. పిల్ల అటు వెళ్లినా పిల్లవాడు ఇటు వచ్చినా ‘మనలో ఒకరు తగ్గారు’ అనే మాట పుడుతుంది. ఆ మాట పుట్టిన దగ్గర వ్యక్తుల ఇష్టాయిష్టాలు ఎవరికీ పట్టవు.

సినిమా విడుదలైంది 1981 జులైలో. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే తిరునెల్వేలి జిల్లా మీనాక్షీపురంలో వందల మంది దళితులు ఇస్లాం స్వీకరించారు. అగ్రవర్ణాల వేధింపులు భరించలేక తీసుకున్న ఆ నిర్ణయం దేశమంతటా పెద్ద దుమారం రేపింది. నాయకులు వరుసగా ఆ ఊరికి వెళ్లారు, మతమార్పిడి మీద చర్చ నెలల తరబడి నడిచింది. సినిమా వచ్చిన ఎనిమిది నెలలకు, 1982 మార్చిలో, ముట్టం ఉన్న తీరంలోనే మండైక్కాడు భగవతి ఆలయ ఉత్సవాల సమయంలో హిందువులకూ క్రైస్తవులకూ మధ్య ఘర్షణలు చెలరేగాయి. పోలీసు కాల్పుల్లో మనుషులు చనిపోయారు. గొడవలు తీరం వెంబడి పల్లెలకు పాకాయి. ప్రభుత్వం జస్టిస్ వేణుగోపాల్ నాయకత్వంలో విచారణ కమిషన్ వేయాల్సి వచ్చింది. ఆ గొడవలకూ సినిమాకూ ఏ సంబంధమూ లేదు, అలా అనడం అన్యాయం. ఊరంతా అలా ఎదురు తిరుగుతుందా అని మీరు అనుమానపడ్డారు కాబట్టి చెబుతున్నాను. పడవల మీద పక్కపక్కనే బతికే మనుషులు ఎంత తేలిగ్గా రెండు గుంపులుగా విడిపోగలరో ఆ తీరం ఏడాది తిరక్కుండానే చూపించింది. సినిమాలో ఉన్నది అతి కాదు. నిజానికి భారతీరాజా చాలా తగ్గించి చూపించారు.

ఆయన ఆ వ్యతిరేకతను మొదటి నుంచీ అరుపులతో, కర్రలతో చూపించరు. బ్రాహ్మణ అబ్బాయి విచ్చు. అతని తల్లి వితంతువు, సంగీతం నేర్పిస్తూ ఇల్లు గడుపుతుంది. ఊళ్లో డబ్బూ పలుకుబడీ ఉన్న డేవిడ్ చెల్లెలు మేరీ ఆ ఇంటికే సంగీతం నేర్చుకోవడానికి వస్తుంది. క్రైస్తవుల పిల్ల బ్రాహ్మణుల ఇంట్లో కూర్చుని సరిగమలు పాడటానికి ఎవరికీ అభ్యంతరం లేదు. అక్కడ మతసామరస్యం నిండుగా ఉంది. అదే పిల్ల ఆ ఇంటి కోడలవుతుందనేసరికి అదే ఊరు మరో ఊరైపోతుంది. పాట, పండుగ పిండివంటలు, అవసరానికి చేబదులు, ఇవన్నీ హద్దు దాటి అటూ ఇటూ తిరగవచ్చు. రక్తం మాత్రం దాటకూడదు. దర్శకుడు ఈ సంగతిని ఏ పాత్ర చేతా ఉపన్యాసంగా చెప్పించలేదు. సంగీత పాఠాన్ని ప్రేమకు తొలి మెట్టుగా పెట్టి ఊరుకున్నారు. నాకు ఈ సినిమాలో అన్నిటికంటే నచ్చిన తెలివి అది.

ఆ పాఠం దగ్గరే ఇంకో మాట. ‘కాదల్ ఓవియం’ పాట ఉంది కదా, తెలుగులో అదే బాణీకి వేటూరి ‘మాటే మంత్రము’ రాశారు. ఆ పాట ఎలా మొదలవుతుందో ఒకసారి శ్రద్ధగా వినండి. తబలా లేదు, వేణువు లేదు, ముందుగా వినిపించేది ‘శతమానం భవతి’ అనే వేదాశీర్వచనం. పెళ్లి పీటల మీద అక్షింతలు వేస్తూ పురోహితుడు చదివేది. ఈ జంట తల మీద అక్షింతలు వేసే పురోహితుడు ఆ ఊళ్లో లేడు, ఆశీర్వదించే ఫాదరూ లేడు. ఎవరూ చేయని పెళ్లిని ఇళయరాజా పాట మొదట్లోనే చేసేశారు. వినేవాడికి అది మధురమైన ఎత్తుగడగానే అనిపిస్తుంది. సినిమా పూర్తయ్యాక మళ్లీ వింటే, వాళ్లకు జరిగిన ఏకైక వైదిక తంతు ఆ కొన్ని క్షణాలేనని తెలిసి గుండె పట్టేస్తుంది. తమిళంలో ఈ పాటను ఇళయరాజా, జెన్సీ పాడారు. తెలుగులో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, శైలజ. బాలు గారి గొంతులో అది పరిణతి చెందిన ప్రేమ గీతం అయిపోయింది. ఇళయరాజా గొంతులో ఇంకా గడ్డం సరిగా రాని కుర్రాడి బెరుకు ఉంటుంది. కథకు ఆ బెరుకే సరిపోయిందని నా అభిప్రాయం. తెలుగు పాటే గొప్పదనేవాళ్లతో నేను వాదించను, ఆ ప్రేమ నాకూ ఉంది.

ఈ సినిమా ఎవరి డబ్బుతో వచ్చిందో కూడా చెప్పాలి. నిర్మాత ఆర్.డి.భాస్కర్, ఇళయరాజా అన్న. సంస్థ పేరు పావలర్ క్రియేషన్స్. ఆ పేరు వాళ్ల పెద్దన్న పావలర్ వరదరాజన్‌ది. కమ్యూనిస్టు పార్టీ సభల్లో ఊరూరా తిరిగి పాటలు కట్టి పాడిన మనిషి ఆయన. తమ్ముళ్లు ఆయన వెంట హార్మోనియం మోస్తూ పెరిగారు. భారతీరాజాది అల్లినగరం, వీళ్లది పణ్ణైపురం, రెండూ ఇప్పటి తేని జిల్లాలోవే, సినిమాల్లోకి రాకముందు నుంచే వాళ్లు స్నేహితులు. జంధ్యమూ శిలువా పక్కన పెట్టించే ముగింపును ఈ మిత్రబృందం అంత ధైర్యంగా ఎలా తీసిందని చాలామంది అడుగుతారు. వాళ్లు పెరిగిన వేదికలు అలాంటివి. కథ రాసిన మణివణ్ణన్‌దీ అదే దారి. భారతీరాజా సినిమాకు సుదీర్ఘమైన అభిమాన లేఖ రాసి ఆయన దగ్గర చేరిన యువకుడాయన. ఆయన కథతో అంతకుముందు 1980లో వచ్చిన ‘నిళల్‌గళ్’ నగరంలోని నిరుద్యోగ యువకుల సినిమా. అది ఆడలేదు. ఆ దెబ్బ తర్వాత గురుశిష్యులిద్దరూ పల్లెకు తిరిగొచ్చి ఈ కథ చేశారు.

ఇప్పుడు ఎలిజబెత్ గురించి. డేవిడ్ భార్య పాత్ర అది. వేసింది సిల్క్ స్మిత, మన ఏలూరు ప్రాంతపు అమ్మాయి. అంతకుముందు ఏడాదే ‘వండిచ్చక్కరం’లో వేసిన పాత్ర ఆమెకు ‘సిల్క్’ అనే పేరు తగిలించింది. పరిశ్రమ ఆమెను ఒకే రకంగా చూడటం మొదలుపెట్టిన సమయంలో, భారతీరాజా ఆమెకు చీర కట్టి, గడప దగ్గర నిలబెట్టి, కళ్లతో నటించమన్నారు. ఇంట్లో పనిచేసే అమ్మాయి మీద తన భర్త చేసిన అఘాయిత్యం ఎలిజబెత్‌కు తెలుసు. ఆ భర్తే చెల్లెలి ప్రేమ వల్ల కుటుంబ పరువు పోయిందని రంకెలు వేస్తుంటే ఆమె వింటూ నిలబడాలి. ఊరి పరువు అనే మాట ఎంత బోలుదో చెప్పడానికి ఆమె ముఖం ఒక్కటి చాలు. మేరీ పక్షాన ఆ ఇంట్లో మనసుతో నిలబడ్డ మనిషి ఆమే. రెండు భాషల్లోనూ ఆ పాత్ర స్మితే వేసింది. ఆమె నటనను చిన్నచూపు చూసేవాళ్లకు నేనెప్పుడూ ఈ సినిమానే చూపిస్తాను. మీరు తెలుగులో చూసినప్పుడు ప్రేమికుల మీదే దృష్టి పెట్టి ఉంటారు. ఈసారి ఎలిజబెత్ వెంట వెళ్లండి, సినిమా ఇంకో రకంగా కనిపిస్తుంది.

ఇక ముగింపు. ఎలా బతుకుతారన్న మీ ప్రశ్న న్యాయమైనదే. సినిమాకు దానికి జవాబు లేదు, చెప్పే ప్రయత్నం కూడా చేయలేదు. కానీ వాళ్లకు మరో దారి ఉందా అని కూడా అడగాలి. తమిళనాట పురోహితుడు లేకుండా చేసుకునే ఆత్మగౌరవ వివాహాలకు అన్నాదురై ప్రభుత్వం 1967లో తెచ్చిన సవరణతో చట్టబద్ధత వచ్చింది. అది హిందూ వివాహ చట్టానికి చేసిన సవరణ, వధూవరులిద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. విచ్చు, మేరీలకు పనికిరాదు. ఎవరి మతంలో వాళ్లుంటూ పెళ్లి చేసుకోవాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఒకటే. దానికి అబ్బాయికి 21, అమ్మాయికి 18 నిండాలి. సినిమాలో ఇద్దరూ చదువుకునే వయసు దాటీదాటని పిల్లలు. వయసు సరిపోయినా, ముందుగా రిజిస్ట్రారుకు నోటీసు ఇవ్వాలి, ఆ నోటీసును ఆయన ఆఫీసులో అందరికీ కనిపించేలా పెడతారు, 30 రోజులు ఆగాలి. డేవిడ్ లాంటి మనిషి ఉన్న ఊళ్లో ఆ గోడ మీది కాగితం 30 గంటలు కూడా రహస్యంగా ఉండదు. ఈనాటికీ మతాంతర వివాహాలు చేసుకునే జంటలు ఆ నోటీసు గడువు అంటే భయపడుతున్నారంటే కారణం ఇదే.

మిగిలింది ఒకరు మతం మారడం. ఆమె హిందువైతే ఒక పక్షం గెలుస్తుంది, అతను క్రైస్తవుడైతే రెండో పక్షం గెలుస్తుంది. ప్రేమించినవాళ్లు మాత్రం ఎవరో ఒకరు తలవంచినవాళ్లవుతారు. అందుకే ఇద్దరూ ఒకేసారి వదిలేయడం అనే పరిష్కారం నాకు నాటకీయంగా కాక, ఆ పరిస్థితిలో మిగిలిన ఒకే ఒక్క సమానమైన పనిగా తోస్తుంది. ఆమె అతనిలోకి రాలేదు, అతను ఆమెలోకి వెళ్లలేదు. మీరు దాన్ని జీవితానికి ప్రణాళికగా చూస్తున్నారు కాబట్టి నమ్మకం కుదరడం లేదు. ఊరికి ఇచ్చిన సమాధానంగా చూడండి. ఆ సమాధానం విన్న ఊరు మారిందని కూడా సినిమా చెప్పదు. పిల్లలు వెళ్లిపోయారు, ఊరు అక్కడే ఉంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, దాచి లాభం లేదు. మొదటి సగంలో కుర్రాళ్ల గుంపు అమ్మాయిల వెంటపడే అల్లరిని సరదాగా చూపించారు. ఈ రోజు చూస్తే అది వేధింపే. నూనూగు మీసాల వయసు పిల్లల మధ్య దేహాకర్షణను కెమెరా చూపిన తీరు కూడా కొన్నిచోట్ల నన్ను ఇబ్బంది పెడుతుంది. అంతకన్నా పెద్ద లోటు కులం విషయంలో ఉంది. ఆ తీరంలో క్రైస్తవుల్లోనూ కులం ఉంది, కట్టుమరం మీద వెళ్లేవాడికీ భూములున్న ఇంటికీ మధ్య దూరం చర్చి లోపల కూడా చెరగలేదు. సినిమా దాన్ని ముట్టుకోలేదు. బ్రాహ్మణ అబ్బాయినీ సంపన్న క్రైస్తవ అమ్మాయినీ తీసుకోవడంతో గొడవ రెండు మతాలకే పరిమితమైంది, బెస్తవాళ్లు దృశ్యానికి అందమిచ్చే నేపథ్యంగా మిగిలిపోయారు. భారతీరాజా కులాన్ని నేరుగా పట్టుకున్నది ఆరేళ్ల తర్వాత ‘వేదం పుదిదు’లో. అందులో సత్యరాజ్ వేసిన బాలు తేవర్‌ను ఒక బ్రాహ్మణ పిల్లవాడు, మీ పేరు చివర ఉన్న తేవర్ అనే కులం పేరు మీరు చదివి సంపాదించిన డిగ్రీయా అని అడుగుతాడు. ‘అలైగళ్’లో అలాంటి ప్రశ్న ఒక్కటీ లేదు.

తెలుగు, తమిళాల తేడాకు వస్తే, దర్శకుడు, సంగీత దర్శకుడు, కథానాయకుడు రెండింటికీ ఒకరే. నటుడు ముత్తురామన్ కొడుకైన కార్తీక్‌కు తమిళ చిత్రమే తొలి సినిమా, మనవాళ్లు అతన్ని మురళి అనే పేరుతో పరిచయం చేశారు. తమిళంలో కథానాయిక రాధకూ అదే మొదటి చిత్రం. తెలుగులో ఆమె స్థానంలో ముచ్చెర్ల అరుణ వచ్చింది. నిర్మాత ‘శంకరాభరణం’ తీసిన ఏడిద నాగేశ్వరరావు. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం కూడా దక్కింది. చిన్నారి అలీ చేసిన అల్లరి మనకు మాత్రమే దొరికిన సొత్తు.

అసలైన తేడా డేవిడ్ దగ్గరుంది. తమిళంలో త్యాగరాజన్ తెరమీదికి రాగానే ప్రమాదం తెలిసిపోతుంది, ఆ చూపులోనే మొరటుతనం ఉంటుంది. తెలుగులో శరత్‌బాబు. చదువుకున్న పెద్దమనిషి ముఖం, మెత్తని గొంతు. అలాంటి మనిషి చెల్లెలి విషయంలో రాక్షసుడైతే ఇంకా భయం వేస్తుంది, ఎందుకంటే అలాంటివాళ్లు మన బంధువుల్లోనే ఉంటారు. ఆ పాత్రకు ఆయన నంది పురస్కారం అందుకున్నారు. ఈ ఒక్క విషయంలో తెలుగే మిన్న. మిగతా అన్నింటిలో, ముఖ్యంగా పల్లె మనుషుల మాటతీరులో, ముఖాల్లో, ఆ తీరపు గాలిలో తమిళం సహజంగా ఉంటుంది. కాబట్టి చూడండి, తప్పక చూడండి. పాటలన్నీ మీకు బాణీలుగా తెలిసినవే. ‘మిన్నేటి సూరీడు’ అక్కడ ‘ఆయిరం తామరై మొట్టుక్కళే’గా వినిపిస్తుంది. భాష అడ్డురాదు.

అది చూశాక మరి రెండు చూడమంటాను. ముందు 1978 నాటి ‘కిళక్కే పోగుం రైల్’. మన సుధాకర్, రాధిక అందులో జంట. బాపు గారు ‘తూర్పు వెళ్లే రైలు’గా తెలుగులో తీసినది ఆ కథే. వానలు ఆగాలంటే కన్నెపిల్ల ఒంటి మీద నూలుపోగు లేకుండా ఊరు చుట్టి రావాలని పెద్దలు తీర్పు చెబుతారు, ప్రేమికులు రైలెక్కి తప్పించుకుంటారు. అక్కడ రైలు, ఇక్కడ సముద్రపు ఒడ్డు. ఊరు దాటితే చాలు, ప్రాణం నిలబడుతుందనే నమ్మకం రెండు సినిమాల్లోనూ ఉంది. తర్వాత 2004లో బాలాజీ శక్తివేల్ తీసిన ‘కాదల్’ చూడండి. తెలుగులో ‘ప్రేమిస్తే’ పేరుతో వచ్చింది కాబట్టి మీరు చూసే ఉండవచ్చు. రైలు ప్రయాణంలో ఒకాయన చెప్పిన నిజ సంఘటనే దానికి ఆధారమని దర్శకుడు చెప్పారు. మదురై మెకానిక్ కుర్రాడు, పెద్దింటి అమ్మాయి మద్రాసు పారిపోతారు, పెళ్లి చేసుకుంటారు, చిన్న గదిలో కాపురం కూడా మొదలుపెడతారు. అమ్మాయి బంధువులు మంచి మాటలు చెప్పి వెనక్కి తీసుకొచ్చి తాళి తెంపిస్తారు, అబ్బాయిని చావగొడతారు, అతనికి మతి చలిస్తుంది. ఊరు విడిచాక ఎలా బతుకుతారన్న మీ మూడో ప్రశ్నను తమిళ సినిమా తనను తాను అడుక్కుని, ఇరవై మూడేళ్ల తర్వాత చెప్పిన జవాబు అది. ‘అలైగళ్’ చూసిన వారంలోపే దీన్ని చూస్తే మంచిది. మొదటిదాని ధైర్యం, రెండోదాని దుఃఖం రెండూ ఒకేసారి మనసులో ఉంటాయి. అప్పుడు మళ్లీ రాయండి, ‘కాదల్’లో ఆ తండ్రి గురించీ, చివర్లో కనిపించే భర్త గురించీ మాట్లాడుకోవాల్సింది చాలా ఉంది.